కాల్చడానికీ పొగబెట్టడానికీ కలిపి ఒక్కటే కొనాలి, ఏది కొనమంటారు?

కొత్తకుంపటి:

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఇంటి వెనక రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత జాగా ఉంది, పైన ఆకాశమే. ఇంట్లో నలుగురం, చుట్టాలొస్తే ఎనిమిది. ఇన్నాళ్లూ మూత లేని ఒక చిన్న ఇనప కుంపటితో నెట్టుకొచ్చాను.

పోయిన ఆదివారం ఎముకతో ఉన్న కోడి తొడలు పెట్టాను. ఐదు నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత చర్మంలోని కొవ్వు కరిగి బొగ్గుల మీద పడటం మొదలైంది, చుక్క పడ్డప్పుడల్లా మంట లేస్తోంది, నేను కంగారుపడి చెంబుతో నీళ్లు చల్లాను. బుస్సుమని బూడిదంతా లేచి ముక్కలకి అంటుకుంది. పైన చూస్తే మాడు, కోస్తే ఎముక పక్కన ఎర్రగా నీరు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, తన ముక్క తీసుకెళ్లి మైక్రోవేవ్‌లో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

అందుకని ఈసారి సరైనది కొందామని. వారానికోసారి మామూలుగా కాల్చుకోవాలి, నెలకోసారైనా పక్కటెముకలో జబ్బ ముక్కో ఏడెనిమిది గంటలు పొగలో ఉంచి చేసుకోవాలి. రెండు కొనడానికి చోటు లేదు, ఓపికా లేదు. వీడియోలు చూస్తే ఒకాయన ఆఫ్‌సెట్ అంటాడు, ఇంకొకాయన కమాడో అంటాడు, మూడో ఆయన అన్నీ అమ్మేసి పెల్లెట్‌కి మారానంటాడు. మీరేమంటారు?

పొగరాయుడు:

ఆఫ్‌సెట్. ఇంకో మాట లేదు. పక్కనున్న పెట్టెలో కట్టెలు మండాలి, ఆ వేడీ పొగా పెద్ద పీపాలోకి పోయి ముక్కని తాకి గొట్టంలోంచి బయటికి పోవాలి. మిగతావన్నీ బొమ్మలాటలు. ఒకసారి ఆ రుచి తెలిస్తే బొగ్గు మొహం చూడరు మీరు.

బద్ధకంభాయ్:

రాయుడు గారూ, కట్టెలు ఎన్ని నిమిషాలకోసారి వేయాలో కూడా చెప్పండి మరి.

పొగరాయుడు:

అరగంటకో, ముప్పావుగంటకో ఒక చీలిక. అదే కదా మజా.

బద్ధకంభాయ్:

ఎనిమిది గంటల వంటకి అది మజా కాదండి, డ్యూటీ. కొత్తకుంపటి గారూ, మీరు పెల్లెట్ గ్రిల్ చూడండి. రంపపు పొట్టుని బాగా ఒత్తి చేసిన చిన్న చిన్న గుళికలు, వాటిని ఒక మర చుట్టూ తిరుగుతూ నిప్పు గిన్నెలోకి తోస్తుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది, మీరు 110 డిగ్రీలని పెడితే 110 దగ్గరే ఉంటుంది. 1980లలో అమెరికాలో ఓరెగన్‌లో ట్రేగర్ కుటుంబం మొదలుపెట్టింది దీన్ని. నేను రాత్రి పెట్టి పడుకుంటాను, పొద్దున లేచేసరికి జబ్బ ముక్క ఎముక నుంచి ఊడి వస్తుంది.

లోపాలు కూడా నేనే చెప్పేస్తాను, లేకపోతే రాయుడు గారు చెప్తారు. కరెంటు ఉండాలి. గుళికలు తడిస్తే ఉబ్బి పొట్టుగా మారిపోతాయి, అది మరలో ఇరుక్కుంటే గట్టి సిమెంటులా పట్టేస్తుంది, ఒక వానాకాలం నేను స్క్రూడ్రైవర్‌తో రెండు గంటలు తవ్వాను. బాగా ఎక్కువ సెగ మీద చర్రుమని కాల్చడం చాలా మోడళ్లలో అంత రాదు. పొగ రుచి కూడా కట్టెలంత గాఢంగా ఉండదు, ముఖ్యంగా వేడి పెంచే కొద్దీ.

నిప్పుకోడి:

అందరూ తాము వాడేది చెప్తున్నారు గానీ ఆయన అడిగింది ఎవరూ చదవలేదు. ఒక్కటే కొనాలి, చోటు తక్కువ, వారం వారం కాల్చాలి, నెలకోసారి పొగ. దీనికి జవాబు మూత ఉన్న గుండ్రటి కెటిల్ గ్రిల్, 57 సెంటీమీటర్లది. అంతకంటే చిన్నది కొంటే ఎనిమిది మందికి చాలదు సరికదా, నిప్పు ఒక పక్క, ముక్క ఇంకో పక్క పెట్టడానికి లోపల చోటుండదు.

దాని పుట్టుక కూడా ముచ్చటగా ఉంటుంది. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసేవాడు, అక్కడ నీళ్లలో తేలే ఇనప బోయాలు చేసేవాళ్లు. మూత లేని గ్రిల్ మీద గాలికీ బూడిదకీ విసిగిపోయి ఒక బోయాని మధ్యకి కోసి, కింది సగానికి కాళ్లు పెట్టి పై సగాన్ని మూత చేసుకున్నాడు. అంటే మీ ఆదివారం గొడవే ఆయన గొడవ కూడా.

ఇక అసలు విషయం. మీ తొడలు మాడింది కుంపటి పాతదవడం వల్ల కాదు. నిప్పు ముక్క కిందే ఉంది, పక్కకి జరుపుకునే దారి లేదు, మూత లేదు. కెటిల్‌లో నిప్పులన్నీ ఒక సగానికి తోసేయండి. రెండో సగం కింద ఖాళీ. తొడలు ఖాళీ వైపు పెట్టి మూత వేస్తే అది పొయ్యి కాదు, ఓవెన్. లోపల ఉడికాక చివర్లో రెండు నిమిషాలు నిప్పు వైపుకి తెచ్చి చర్మం కరకరలాడించుకోవాలి. కొవ్వు కారినా ఖాళీలోనే పడుతుంది, మంట లేవదు. చెంబు అవసరం లేదు.

సన్నసెగ:

నేను హోటల్ వంటగదిలో పనిచేస్తాను. గ్రిల్ ఏది కొన్నా కొనండి గానీ, దానికంటే ముందు థర్మామీటర్ కొనండి. గుచ్చగానే రెండు మూడు సెకన్లలో అంకె చూపించేది ఒకటి, ముక్కలో గుచ్చి వదిలేస్తే బయట తెర మీద చూపించే తీగ ప్రోబ్ ఇంకొకటి. గ్రిల్ మీద పెట్టే డబ్బులో కొంత కోసైనా సరే వీటికి పెట్టండి.

కోడి ఏ భాగమైనా లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. పోర్క్, మటన్ పెద్ద ముక్కలకి 63 చేరి మూడు నిమిషాలు ఆగితే చాలు, కైమాకి 71. ఎముక పక్కన ఎర్రగా కనిపించినంత మాత్రాన పచ్చిగా ఉందని కాదు, లేత కోళ్లలో ఎముక మూలుగలోని రంగు బయటికి దిగి బాగా ఉడికినా ఎర్రగానే ఉంటుంది. అలాగే తెల్లగా కనిపించినంత మాత్రాన ఉడికిందనీ కాదు. కంటితో తేలదు. మీ ఆవిడ మైక్రోవేవ్‌లో పెట్టుకుని మంచి పనే చేశారు.

కొత్తకుంపటి:

నిప్పుకోడి గారూ, సన్నసెగ గారూ, చాలా థాంక్స్. రెండు సందేహాలు. కెటిల్ మూత మీద గడియారంలాంటి థర్మామీటర్ ఉంటుంది కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు? రెండోది, కాల్చడం సరే, బొగ్గు మీద ఏడెనిమిది గంటలు సన్న సెగ ఎలా నిలబడుతుంది? నా కుంపట్లో గంటకే చల్లారిపోతుంది.

సన్నసెగ:

మూత మీది ముల్లు మూత దగ్గరి గాలి సంగతి చెప్తుంది. ముక్క ఉండేది కింద జాలీ మీద. నా కెటిల్‌లో రెండిటికీ ఒక్కోసారి 20, 30 డిగ్రీల తేడా వస్తుంది, ముల్లు నిప్పు వైపున ఉందా ముక్క వైపున ఉందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ప్రోబ్‌ని జాలీ మీద, ముక్కకి ఓ మూడు వేళ్ల దూరంలో క్లిప్‌తో పెట్టండి.

కొన్నాక మొదట ఒక పని చేయండి. గ్లాసు నిండా ఐసు ముక్కలేసి, సందుల్లోకి నీళ్లు పోసి, కలిపి, ప్రోబ్ ముంచండి. సున్నా చూపించాలి. తర్వాత మరిగే నీళ్లలో. సముద్ర మట్టం దగ్గరైతే 100, ఎత్తుకి పోయేకొద్దీ దాదాపు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. నా దగ్గరున్న ఒకటి ఐసు నీళ్లలో 4 చూపించేది, దాన్నే నమ్ముకుని రెండేళ్లు వండాను.

నిప్పుకోడి:

మీ రెండో సందేహం నాకు చాలా ఇష్టమైనది, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కుంపటి గంటకి చల్లారేది అన్ని బొగ్గులూ ఒకేసారి అంటుకుంటాయి కాబట్టి. గాలికి అడ్డేదీ లేదు కాబట్టి. సన్న సెగ కావాలంటే బొగ్గులు వంతుల వారీగా అంటుకోవాలి. కెటిల్ అడుగున గోడ వెంబడి బ్రికెట్లని, అంటే బొగ్గు పొడిని ఒత్తి చేసిన బిళ్లల్ని, పాములా పేర్చుకుంటూ రండి, కింద రెండు వరసలు, వాటి మీద ఇంకో రెండు వరసలు, చుట్టులో మూడొంతులు దాకా. ఒకదాన్నొకటి తాకుతూ ఉండాలి, మధ్యలో సందు వస్తే నిప్పు అక్కడ ఆగిపోతుంది. పాము వీపు మీద పిడికిలంత కట్టె ముక్కలు నాలుగైదు, మొదటి సగంలోనే, ఎందుకంటే పచ్చిగా చల్లగా ఉన్నప్పుడే ముక్క పొగని బాగా పట్టుకుంటుంది. మధ్య ఖాళీలో ఒక అల్యూమినియం ట్రేలో వేడి నీళ్లు, అది వేడిని నిలకడగా ఉంచుతుంది, కారే కొవ్వునీ పట్టుకుంటుంది. ఇప్పుడు ఎనిమిదో పదో బ్రికెట్లు విడిగా బాగా రాజేసి, పట్టుకారుతో పాము తల దగ్గర పెట్టండి. అంతే. అగరొత్తిలా కాలుకుంటూ పోతుంది. నా దాంట్లో ఏడెనిమిది గంటలు వస్తుంది.

దీనికి కట్టె బొగ్గు కాకుండా బ్రికెట్లే ఎందుకంటే అన్నీ ఒకే సైజు, ఒకే తీరుగా కాలతాయి. కట్టె బొగ్గు పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటాయి, ఎక్కువ వేడి, తక్కువ బూడిద, చర్రుమని కాల్చడానికి అదే బాగుంటుంది.

ఇక గాలి. నిప్పుని నడిపేది బొగ్గు కాదు, గాలి. కింది రంధ్రాలు ఎంత తెరిస్తే అంత వేడి. పై రంధ్రం మొదట్లో పూర్తిగా తెరిచే ఉంచండి, మూత తిప్పి అది ముక్క మీదికి వచ్చేలా పెట్టండి, అప్పుడు పొగ ముక్కని దాటుకునే బయటికి పోతుంది. మీకు కావాల్సింది 110 నుంచి 120. 100 దగ్గరికి రాగానే కింది రంధ్రాలు పావు వంతుకి మూసేయండి. ఎక్కేటప్పుడే పట్టుకోవాలి, 150కి పోయాక దింపాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఒకసారి తిప్పాక పావుగంట చేతులు కట్టుకుని కూర్చోండి, వెంటవెంటనే తిప్పితే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

మూత తీయకండి. తీసి చూసినంత మాత్రాన తొందరగా ఉడకదు. తీసినప్పుడల్లా వేడి పడిపోతుంది, నిప్పుకి గాలి దొరుకుతుంది, మళ్లీ మూసేసరికి అంతకు ముందుకంటే పైకి ఎగబాకుతుంది.

పొగరాయుడు:

ఇదంతా చదివాక కట్టె చీలికలు వేయడమే సులువనిపిస్తోంది. 😀

సరే, నిజం ఒప్పుకుంటాను. నేను మొదట కొన్న ఆఫ్‌సెట్ పల్చటి రేకుది. మూత సందుల్లోంచి పొగ, నిప్పు పెట్టె కీళ్లలోంచి పొగ, గొట్టంలోంచి మాత్రం రాదు. నిప్పుకి దగ్గరి కొసలో 160, అవతలి కొసలో 95. కాస్త గాలి వీస్తే చల్లబడిపోయేది. ఏడాదిన్నరకి అడుగు తుప్పుపట్టి చిల్లు పడింది. ఇప్పుడున్నది 6 మిల్లీమీటర్ల మందం, ముగ్గురం కలిసినా కదలదు. కాబట్టి ఆఫ్‌సెట్ కొంటే మందమైనది కొనండి, లేకపోతే అసలు కొనకండి. చవక ఆఫ్‌సెట్ కంటే కెటిల్ నయం. ఈ మాట నేనన్నానని ఇక్కడ ఇంకో చర్చలో ఎవరైనా ఎత్తితే ఒప్పుకోను.

ఇంకోటి, పొగ గురించి ఎవరూ చెప్పలేదు. దట్టంగా తెల్లగా మబ్బులా వస్తే అది మంచి పొగ కాదు, కట్టె సరిగ్గా మండట్లేదని అర్థం. ముక్కకి చేదు పడుతుంది, నాలుక కొస తిమ్మిరెక్కుతుంది. పల్చగా, కొంచెం నీలంగా, కనపడీ కనపడనట్టుండాలి. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లంతా పొగ ఎక్కువైతే రుచి ఎక్కువనుకుంటారు, నేనూ అనుకున్నాను, మొదటి పక్కటెముకలు కమురు కొట్టి మా కుక్క కూడా వాసన చూసి పక్కకి పోయింది.

కొత్తకుంపటి:

కట్టె ముక్కలు నానబెట్టాలా? వీడియోల్లో గిన్నెలో నానేస్తున్నారు.

పొగరాయుడు:

వద్దు. గట్టి కట్టెలోకి నీళ్లు పెద్దగా దిగవు, పైపైనే తడుస్తుంది. నిప్పు మీద పెడితే ముందు ఆ నీళ్లు ఆవిరవ్వాలి, అప్పుడు వచ్చేది ఆవిరే గానీ పొగ కాదు. ఎండిన గట్టి కట్టె వాడండి. ఓక్, హికరీ, యాపిల్, చెర్రీ, అసలు ఏ పండ్ల చెట్టైనా. యాపిల్, చెర్రీ మెత్తటి పొగ, హికరీ కాస్త గాఢం, మెస్కీట్ అయితే తొందరగా మితిమీరిపోతుంది. జిగురు కారే పైన్ లాంటివి వద్దు. రంగు వేసినవి, ప్లైవుడ్, చెద పట్టకుండా మందు పట్టించినవి ముట్టుకోవద్దు.

మసిచేతులు:

ఆలస్యంగా వచ్చాను. వెల్డింగ్ పని నాది. డబ్బు మిగుల్చుకోవాలంటే రెండొందల లీటర్ల ఇనప డ్రమ్ముతో మీరే చేసుకోవచ్చు. అడుగున చుట్టూ మూడు నాలుగు రంధ్రాలు పొడిచి వాటికి మూతలు, అడుగు మీద బొగ్గు బుట్ట, బుట్టకీ జాలీకీ మధ్య 60 సెంటీమీటర్లు, పైన మూతకి ఒక గొట్టం. అంత దూరం ఉంటే నేరుగా నిప్పు మీదే ఉన్నా మాడదు, కారిన కొవ్వు బొగ్గు మీద పడి వచ్చే పొగకి అదో ప్రత్యేక రుచి.

కానీ డ్రమ్ము ఎక్కడిదో తెలిస్తేనే. లోపల తిండి సామాను వచ్చిందే కావాలి, రసాయనాలు వచ్చినవి ఎంత కడిగినా వద్దు. లోపల పూత ఉంటే పెద్ద మంట వేసి మొత్తం కాల్చేసి, ఇనుము తేలేదాకా గీకాలి. జింక్ పూత ఉన్న డ్రమ్ము, బకెట్, జాలీ, బోల్టులు ఏవీ నిప్పు దగ్గరికి రానీయొద్దు. జింక్ బాగా కాగినప్పుడు వచ్చే పొగ పీలిస్తే వణుకుతో జ్వరమొస్తుంది, మా పనిలో అందరికీ అనుభవమే. నాకు రెండుసార్లు వచ్చింది.

మూడోఅంతస్తు:

డ్రమ్ముకి జాలీగా పాత ఫ్రిజ్‌లోని అర వాడొచ్చా? సరిగ్గా సరిపోతుంది అనుకుంటా.

మసిచేతులు:

వద్దు వద్దు. పాత వాటికి కాడ్మియం పూత ఉండేది, అది విషం. మామూలు స్టెయిన్‌లెస్ ఊచలు కోసి వెల్డ్ చేయించుకోండి, అరపూట పని.

మూడోఅంతస్తు:

ఓకే, అడిగి మంచి పని చేశాను. నాది పేరులోనే ఉంది, మూడో అంతస్తు. బాల్కనీ ఒక వైపే తెరిచి ఉంటుంది. ఈ కెటిల్ అక్కడ పెట్టుకోవచ్చా? వానొస్తే కాస్త లోపలికి జరుపుకుంటాను.

సన్నసెగ:

జరుపుకోవద్దు. దీంట్లో సరదా లేదు కాబట్టి సూటిగా చెప్తున్నాను. రాజుకున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, రంగుండదు, వాసనుండదు. మంట ఆరి, పొగ ఆగిపోయి, బూడిద కప్పుకున్న నిప్పుల నుంచి కూడా వస్తుంది. కిటికీ తీశాం కదా అనుకుంటే సరిపోదు. చలికి వెచ్చగా ఉంటుందని మిగిలిన నిప్పులు గదిలో పెట్టుకుని పడుకుని లేవని వాళ్లున్నారు. ఇల్లు, గ్యారేజీ, గుడారం, మూసిన బాల్కనీ, ఎక్కడా వద్దు. మీ భవనంలో బాల్కనీలో నిప్పుకి అనుమతి ఉందో లేదో కూడా ముందు కనుక్కోండి.

మీకైతే ఎలక్ట్రిక్ గ్రిల్ అంతే. పొగ రుచి రాదు, కాల్చిన రుచి కొంత వస్తుంది. పొగ కావాలంటే కిందికి దిగాల్సిందే.

మూడోఅంతస్తు:

అర్థమైంది. ఎలాగూ మా ఇంట్లో పొగబెట్టడం అంటే వేరే అర్థం ఉంది, ఆ పని మా పైఅంతస్తు వాళ్లు చేస్తున్నారు.

బద్ధకంభాయ్:

గ్యాస్ గురించి ఎవరూ మాట్లాడలేదు, పాపం. వారం రోజుల్లో నాలుగు సార్లు పది నిమిషాల్లో కాల్చుకునే ఇంటికి గ్యాస్‌ని మించింది లేదు. ఒక బర్నర్ వెలిగించి రెండోది ఆపితే అదీ రెండు పక్కల వంటే. చిన్న ఇనప డబ్బాలో కట్టె ముక్కలు పెడితే కాస్త పొగ కూడా. కానీ ఏడు గంటల పొగ వంటకి నేను సలహా ఇవ్వను. సిలిండర్ మార్చినప్పుడల్లా గొట్టం కీళ్లకి సబ్బు నురగ రాసి చూడండి, బుడగలొస్తే కారుతోందని. కొవ్వు ట్రే ఖాళీ చేయకపోతే ఒక రోజు అదే అంటుకుంటుంది.

నిప్పుకోడి:

కమాడో కూడా రెండు ముక్కల్లో. గుడ్డు ఆకారంలో మూత ఉన్న మందపాటి పింగాణీ గ్రిల్, వేడిని పట్టుకుందంటే వదలదు, బొగ్గు చాలా తక్కువ తింటుంది, కాల్చడం, పొగ రెండూ అద్భుతం. నా దగ్గర ఉంటే అదే వాడేదాన్ని. కానీ బరువు, పడితే పగుళ్లు, పొరపాటున వేడెక్కితే దింపడం కెటిల్ కంటే పదింతల కష్టం. గాలి తక్కువలో నడుస్తుంటుంది కాబట్టి మూత ఒక్కసారిగా ఎత్తితే గాలి దూరి మంట మొహం మీదికి రావచ్చు, రెండు వేళ్లు ఎత్తి ఆపి, తర్వాత తెరవాలి. మొదటి గ్రిల్‌గా వద్దంటాను.

కొత్తకుంపటి:

ఆర్డర్ పెట్టేశాను! కెటిల్, 57. జాలీ రెండు పక్కలా పైకి లేచేది తీసుకున్నాను, బొగ్గు వేయడానికి. థర్మామీటర్లు రెండూ పెట్టాను, సన్నసెగ గారి మాట జవదాటలేదు. దాంతోపాటు ఒక పెద్ద సెట్ చూపిస్తోంది, ఇరవై ఒక్క వస్తువులు, బ్రీఫ్‌కేసులో. తీసుకోనా?

నిప్పుకోడి:

తీసుకోకండి. అందులో మీరు వాడేవి మూడు, మిగతావి మొక్కజొన్న గుచ్చే పిన్నులు. పొడుగు పట్టుకారు ఒకటి. నిప్పు రాజేసే చిమ్నీ ఒకటి, ఇది మాత్రం తప్పనిసరి. ఇనప గొట్టం, కింద రెండు కాగితాలు, పైన బొగ్గు, 15, 20 నిమిషాల్లో పై బొగ్గులకి బూడిద పూత వస్తే కుమ్మరించడమే. కాగితానికి కాస్త వంట నూనె రాస్తే ఇంకాస్త సేపు మండుతుంది. కిరోసిన్ వద్దు, పెట్రోలు అసలు వద్దు. తోలు చేతి తొడుగులు తీసుకోండి, కానీ తడవనీయకండి, తడి తొడుగుతో వేడి ఇనుము పట్టుకుంటే లోపల ఆవిరికి చేయి బొబ్బలెక్కుతుంది. మూత ఉన్న ఇనప బకెట్ ఒకటి, బూడిదకి. పైన చల్లగా అనిపించినా లోపల నిప్పు రెండు రోజుల దాకా బతికే ఉండొచ్చు.

మసిచేతులు:

తీగ బ్రష్ కొనకండి. ఆ సెట్‌లో తప్పకుండా ఉంటుంది. తీగలు ఊడి జాలీకి అతుక్కుని ముక్కలోకి వెళ్తాయి. మా ఇంట్లో ఒకసారి పంటికి తగిలింది, తీసి చూస్తే వెంట్రుకంత సన్నటి తీగ, గింజుకున్నా కంటికి ఆనదు. మింగితే ఆపరేషన్ దాకా పోవచ్చు. వేడి జాలీని ఫాయిల్ ఉండతో పట్టుకారుతో రుద్దండి, లేదా చెక్క గీకుడు పట్టీ.

కొత్తకుంపటి:

రెండు వారాల తర్వాత వచ్చాను, వివరాలు.

తొడలు: సగం నిప్పు, సగం ఖాళీ. 35 నిమిషాలకి లోపల 72, అప్పుడు నిప్పు వైపుకి లాగాను, చర్మం పాపడంలా అయింది, దించేటప్పుడు గుచ్చితే 79. మా ఆవిడ మళ్లీ ఒక్క మాట అనలేదు, కానీ ఈసారి మైక్రోవేవ్ వైపు పోలేదు, రెండో ముక్క వేసుకుంది.

ఇక నిన్న జబ్బ ముక్క, రెండున్నర కేజీలు. పొద్దున ఆరింటికి పాము పేర్చాను, ఆరు ముప్పావుకి ముక్క పెట్టాను. మొదటి పావుగంట తెల్లటి పొగ, భయపడ్డాను, తర్వాత సన్నబడింది. పదకొండున్నరకి లోపల 68. బాగుందనుకున్నాను. పన్నెండుకి 68. ఒంటిగంటకి 69. ప్రోబ్ పాడైందనుకుని ఐసు నీళ్లలో ముంచి చూశాను, సున్నానే. నిప్పు బాగానే ఉంది, జాలీ దగ్గర 118. టెన్షన్‌తో ఇక్కడ పాత చర్చలు వెతికితే ఫాయిల్ చుట్టమని ఉంది, చుట్టాను. నాలుగుంబావుకి 94. గంట సేపు తువ్వాలు చుట్టి పెట్టి, విప్పి చెంచాతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయింది. లోపల అంచు చుట్టూ గులాబీ రంగు ఉంది, మా వాడు పచ్చిగా ఉందని తినలేదు. ఆ 69 దగ్గర ఆగిపోవడం ఏమిటి?

సన్నసెగ:

భేష్. ఆగడం మామూలే, 65, 75 మధ్య ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ముక్క మీది చెమ్మ ఆవిరవుతూ చల్లబరుస్తుంటుంది, మనకి చెమట పట్టినట్టే. లోపలికి పోయే వేడి, ఆవిరితో పోయే వేడి సమానమైతే ముల్లు కదలదు. ఫాయిల్ చుడితే ఆవిరికి దారి ఉండదు, మళ్లీ ఎక్కుతుంది, కాకపోతే పై పొర కాస్త మెత్తబడుతుంది. 63 దగ్గర తినడానికి సురక్షితమే అయినా జబ్బ ముక్కని 90 దాటించేది అందులోని నారలాంటి కొలాజెన్ కరిగి జెలటిన్ అవ్వడానికి. అందుకే చెంచాకి విడిపోయింది.

ఆ గులాబీ అంచు పచ్చితనం కాదు. పొగలోని వాయువులు కండ రంగుతో కలిసి ఆ రంగు నిలబెడతాయి. మీ వాడికి చెప్పండి, మా దగ్గర దానికోసం జనం ఫోటోలు తీసుకుంటారు.

కొత్తకుంపటి:

చెప్పాను, ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసుకుని తింటున్నాడు. థర్మామీటర్ యాప్‌లో గ్రాఫ్ ఉంది, కింద పెట్టాను చూడండి. మీరు చెప్పినట్టే మూత తీయకుండా కూర్చున్నాను, అయినా జాలీ వేడి గీత అక్కడక్కడా ఎందుకు కిందకి దూకిందో అర్థం కావట్లేదు. గాలి వల్లనా?

నిప్పుకోడి:

గాలి వల్ల కాదండి. 8:10, 9:25, 10:40, 11:05, 11:20. ఐదు చోట్ల నిట్టనిలువుగా పడి, వెంటనే ముందుకంటే పది డిగ్రీలు పైకి లేచింది. ఆ ఫాయిల్ చుట్టిన ఒంటిగంటది లెక్కలోకి తీసుకోలేదు.

కొత్తకుంపటి:

మా వాడు అయ్యుంటాడు.

పొగరాయుడు:

పచ్చిగా ఉందని తినని వాడు ఐదు సార్లు మూత తీశాడా?